అమ్మ చిగురుకు వేసిన కుట్టు

ఈ సంగతి ఎవరో ఒకరు సరిగ్గా రాసిపెట్టకపోతే, మా అమ్మ నోట్లో మేక తోలు ఉందని ఊరు ఊరంతా నమ్మేస్తుంది. ఇప్పటికే సగం మంది నమ్ముతున్నారు. మొన్న ఒక పెండ్లి బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, నేనెవరో తెలియక, "గా చిటికి కట్టే ఆమె లేదా, ఆమెకు పట్నంల మేక తోలు తెచ్చి పండ్లకు కుట్టిండ్రట" అని నాకే చెప్పాడు. ఎదురు వరుసలో ఉన్నాయన వెంటనే సరిదిద్దాడు.

"మేక తోలు గాదు. బంగారు తీగె. నా కండ్లతోని సూసిన."

నేను పప్పు కలుపుకుంటూ ఇద్దరి మాటా విన్నాను. మేక తోలూ కాదు, బంగారు తీగా కాదు. అమ్మ చిగురునే జరిపి అమ్మ పంటికి కుట్టారు. ఆ పని దగ్గరుండి చూసినవాణ్ని, దాని గురించి పుస్తకంలో చదివినవాణ్ని మా ఊళ్లో నేనొక్కణ్నే. కాబట్టి రాయాల్సింది కూడా నేనే. పేర్లు మాత్రం ఉండవు. "నా నోటి ముచ్చట రాసుకుంటే రాసుకో గని, పేర్లు రాసినవంటే ఊకోను బిడ్డా" అని అమ్మ ముందే చెప్పింది.

మాది పోచంపల్లికి దగ్గరి ఊరు. నల్గొండ జిల్లా. ఇంటింటికీ మగ్గం ఉంటుంది. మా ఇంట్లో మా నాన్న, అంటే బాపు, రంగులు వేసేవాడు, నేను నేసేవాణ్ని, అమ్మా మా మేనత్తా చిటికి కట్టేవారు. తెలియనివారి కోసం చెబుతాను. మేం నేసే రుమాలు మీద పువ్వో గడియో తెల్లగా రావాలంటే, నేయకముందే ఆ నూలు పోగులను చెక్క చట్రానికి సాగదీసి, తెల్లగా ఉండాల్సిన చోటల్లా దారంతో బిగించి కట్టాలి. ఆ కట్టే చిటికి. తర్వాత రంగులో ముంచితే, కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి చూస్తే తెల్లగా ఉంటుంది. కట్టు ఏ మాత్రం వదులైనా లోపలికి రంగు దూరి, పువ్వు అంచు చెదిరిపోతుంది.

అమ్మ కట్టిన చిటికిలోకి చుక్క రంగు దూరేది కాదు. ఎడమ చేత్తో పోగుల కట్ట పట్టుకుని, కుడి చేత్తో దారం చుట్టి, దారం కొసను కింది ముందు పంటి కింద ఇరికించి, తల ఒక్కసారి పక్కకు విదిలించేది. కిర్రుమని చిన్న చప్పుడు. ముడి బిగిసిపోయేది. చిన్నప్పుడు నేను ఆ చప్పుడు వింటూనే పెరిగాను. మా అత్త కూడా పండ్లతోనే లాగేది కానీ, ఆమె కట్టులో అంత బిగువు ఉండేది కాదు. ఎందుకంటే ఆమె నోరు ఎప్పుడూ మాట్లాడటంలోనే ఉండేది.

ఆ పంటి సంగతి ముందుగా గమనించింది కూడా అత్తే. ఒకరోజు చట్రం ముందు కూర్చుని అమ్మ ముఖంలోకి వంగి చూసి పకపకా నవ్వింది.

"వదినె, నీ కింది పన్ను పొడుగు పెరుగుతాందే! ముసలితనంల పండ్లు మొలుస్తున్నయా ఏంది?"

"నీ నాలుక పెరుగుతలేదా? నా పన్ను పెరిగితె ఏమాయె!" అన్నది అమ్మ.

పన్ను పెరగలేదు. చిగురు కిందికి దిగింది. ముందు రెండు పండ్లలో దారం లాగే పంటి దగ్గర మాత్రమే చిగురు జారి, పసుపుపచ్చని వేరు బయటపడింది. చల్లని నీళ్లు తగిలితే అమ్మ ఎగిరిపడేది. దానికి ఆమె చేసిన వైద్యం, పండ్లు ఇంకా గట్టిగా తోమడం. మెత్తగా నూరిన ఇటుక పొడిలో ఉప్పు కలిపి, చూపుడు వేలితో గిన్నె మాడు వదలగొట్టినట్టు తోమేది. గట్టిగా చేస్తే ఏ పనైనా బాగవుతుందని మా ఇంట్లో అందరి నమ్మకం. కట్టు గట్టిగా, నేత గట్టిగా, తోముడు గట్టిగా. నెల నెలకూ చిగురు ఇంకాస్త దిగింది.

నూలు పని మీద నల్గొండ పోతూ అమ్మను వెంట తీసుకుపోయాను. అక్కడి దవాఖానాలో పండ్లు చూసే ఆయన అద్దం పెట్టి చూసి, "ఇట్లనే ఉంటే రేపు ఊగుతది. ఇప్పుడే పీకేస్తే నొప్పి ఉండదు. కూసోండి" అన్నాడు. ఆ రోజుల్లో ఎక్కడికి పోయినా చెప్పేది అదే. అమ్మ నోరు టక్కున మూసుకుంది. కాసేపటికి మళ్లీ తెరిచి,

"సారూ, గది పని చేసే పన్ను. పని చెయ్యక ఊకె కూసున్న పండ్లు ఎనుక చాన ఉన్నయ్. గవి పీకున్రి" అన్నది.

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. "ఆ పన్ను పోతే నేనేం జెయ్యాలె బిడ్డా? ఎవలన్న కడుతుంటె సూసుకుంట కూసోవాల్నా?" అన్నది. ఆమె అట్లా నిస్సహాయంగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు.

నాకు తోచిన దారి ఒక్కటే. నల్గొండలో నాకు తెలిసిన గొప్ప దవాఖాన గ్రంథాలయమే. నేను బడి చదివింది అయిదో తరగతి వరకు. ఆ తర్వాత చదివిందంతా అక్కడి బల్లల మీద. నూలుకు వచ్చిన ప్రతిసారీ బస్సు వేళ వరకు అక్కడే ఉండేవాణ్ని. మొదట తెలుగు పుస్తకాలు చదివాను. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మొదలుపెట్టాను. ఒక పుట చదవడానికి ఒక పూట పట్టేది. పట్టనీ. చదివిన పుట నాదయ్యేది. గ్రంథాలయం సారుకు నా మీద అభిమానం. అమ్మను వరండాలో కూర్చోబెట్టి, ఆయనకు సంగతి చెప్పాను. ఆయన నిచ్చెన వేసుకుని పై అరలోంచి ఒక లావాటి పుస్తకం దించి, దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు. ఎవరో దంత వైద్యుడు పోయాక ఆయన ఇంటివాళ్లు ఇచ్చిందట.

"మూడేండ్ల సంది దీన్ని అడిగినోడు లేడు. నీకోసమే ఉంచినట్టున్న" అన్నాడాయన.

చదివాను. దిగిపోయిన చిగురు తనంతట తాను మళ్లీ ఎక్కదని మొదటి వాక్యంలోనే ఉంది. మనసు చివుక్కుమంది. కానీ పుట తిప్పితే బొమ్మ ఉంది. పంటి పక్కన చిగురు బాగా ఉంటే, దాన్ని అడుగు తెగకుండా ఒక పక్క కోసి, జరిపి, బయటపడ్డ వేరు మీద కప్పి కుట్టవచ్చట. రాసింది చిన్న పేరానే. ఆ పేరా కోసం నేను నిఘంటువు ఎన్నిసార్లు తిరగేశానో ఆ నిఘంటువుకే తెలియాలి. చివరికి అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి, "దొరికింది సార్!" అని అరిచాను. పేపరు చదువుతున్న ముసలాయన ఉలిక్కిపడి కండ్లద్దాలు జారవిడుచుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఒక రుమాలు పరిచి అందరికీ వివరించాను. చదివింది చెప్పకుండా ఉండటం నాకు ఇప్పటికీ చేతకాదు.

"చిగురుకు చేసే ఆపరేషన్లు రెండు రకాలున్నయ్. చిగురు వాచి పంటిని వదిలి సంచి లెక్క వేలాడితే, ఆ సంచి కోసి తీసేస్తరు. అది మనకు పనికిరాదు, మనకు ఉన్నదే తక్కువ. రెండోది గిట్ల." అని రుమాలు అంచు పట్టుకుని పక్కకు జరిపి చూపించాను.

బాపు అప్పటిదాకా చుట్ట కాలుస్తూ విన్నాడు. "పక్క పంటి చిగురు దీనికి ఇస్తె, పక్కదాని గతేంది?" అని అడిగాడు.

"కొంచెమే జరుపుతరు బాపూ. అక్కడ మళ్ల నిండుతదట."

"మంచిగనే ఉన్నది. పక్కింటోని గోడ గుంజుకొచ్చి మన దొడ్డికి పెట్టుకున్నట్టు" అన్నది అత్త.

అమ్మ మాత్రం రుమాలు అంచునే చూస్తోంది. "అతుకు కనవడదా?" అని ఒక్క మాట అడిగింది. కనబడదని చెప్పాను. "అయితె పోదాం" అన్నది.

పట్నంలో పండ్ల దవాఖానాలో దొరికిన డాక్టరు వయసులో ఉన్నవాడు, నవ్వుముఖం. నేను పుస్తకంలో చదివిన ఇంగ్లీషు పేరును నాకు తోచిన ఉచ్చారణలో గడగడా చెప్పేసరికి, ఆయన చేతిలోని అద్దం కింద పెట్టాడు.

"నువ్వేం చదివినవ్ భాయ్?"

"అయిదో తరగతి సార్. తక్కినదంత గ్రంథాలయంల."

ఆయన నవ్వి, నన్ను పక్కన నిలబెట్టుకుని కాగితం మీద బొమ్మ గీశాడు. నా పుస్తకం పాతదని, ఇప్పుడు అంగిలి నుంచి కూడా చిన్న ముక్క తీసి చిగురు లేనిచోట అతికే పద్ధతి బయటి దేశాల్లో చేస్తున్నారని చెప్పాడు. అమ్మకు పక్క చిగురు దండిగా ఉంది, పన్ను కదలడం లేదు, కాబట్టి జరిపే పద్ధతే మేలన్నాడు. పుస్తకంలో లేని మూడో రకం తెలిసినందుకు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. అమ్మ నోరు తెరుచుకుని కుర్చీలో ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను.

"పెద్దమ్మా, ఈ పంటితోని ఏం పని చేస్తవ్?" అని డాక్టరు అడిగాడు.

అమ్మ మాటల్లో చెప్పలేదు. చీర కొంగులోంచి ఒక పోగు పీకి, డాక్టరు చూపుడు వేలికి చుట్టి, కొస పంటి కింద పెట్టి తల విదిలించింది. డాక్టరు "అబ్బా!" అని వేలు వెనక్కి లాక్కున్నాడు. వేలి కొస ఎర్రగా ఉబ్బింది.

"ఇది పన్నా, పటుకారా?" అన్నాడు వేలు రుద్దుకుంటూ. ఆ తర్వాత రెండు షరతులు పెట్టాడు. ఇటుక పొడి మానాలి, మెత్తని బ్రష్షుతో చిగురు నుంచి పంటి వైపు నెమ్మదిగా తోమాలి. ఆ పంటితో ఇక జన్మలో దారం లాగకూడదు. అమ్మ రెండింటికీ తలూపింది. కోడలు అత్తగారి మాటకు ఊపినట్టు ఊపింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

బ్రష్షు అలవాటయ్యాక ఆపరేషన్ జరిగింది. నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. సూది వేసి మొద్దుబారాక, బయటపడ్డ వేరును సన్నని పనిముట్టుతో గీకి నున్నగా చేశారు. పక్క చిగురును కోసి, అడుగు మాత్రం అట్లాగే ఉంచి, మెల్లగా జరిపి వేరు మీద కప్పారు. నల్లని పట్టుదారంతో కుట్టి, పైన లవంగాల వాసన వచ్చే ముద్ద ఒకటి అద్దారు. అంతా పుస్తకంలో ఉన్నట్టే జరుగుతుంటే, పుస్తకం రాసిన వాళ్లలో నేనూ ఒకణ్నన్నంత గర్వంగా చూశాను. బస్సులో అమ్మ పెదవి తడుముకుంటూ, "బిడ్డా, నా పెదివి ఉన్నదా, అక్కడనే మరిచిపోయి వచ్చినమా?" అని వంకర నోటితో అడిగింది.

చూడ్డానికి ఊరంతా వచ్చింది. అమ్మ విసుక్కోకుండా అందరికీ నోరు తెరిచి చూపించింది. మేక తోలు కథ అప్పుడే పుట్టి ఉంటుంది. ఆ ముద్ద రంగు అట్లా ఉండేది. గంజి తాగి తాగి విసిగి, రెండు మూడు రోజులకు ఆమె రొట్టె ముక్క కొరికింది. ముద్ద ఊడి వచ్చింది. లోపల ఏముందోనని అద్దం తెచ్చుకుని వాకిట్లో వెలుతురులో కూర్చుంది.

నేను మగ్గం దిగి వచ్చేసరికి అమ్మ అద్దంలో చూసుకుని మురిసిపోతోంది.

"సూడు బిడ్డా. డాక్టరుకు సదువు ఉన్నది గని చేతుల బిగువు లేదు. ఆయన ముడి ఎంత వదులుగున్నదో! నేను మంచిగ బిగిచ్చి కట్టిన."

వంగి చూశాను. డాక్టరు కుట్టు అట్లాగే ఉంది. దాని మీద నుంచి, చిగురును పంటికి అదిమిపెట్టి, సన్నని నూలుతో అచ్చమైన చిటికి కట్టు. అత్తతో కొస పట్టించి మరీ బిగించిందట. కట్టు కింద చిగురు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చిగురు తెల్లబడితే రక్తం అందడం లేదని, రక్తం అందకపోతే అతుకు చచ్చిపోతుందని ఆ చిన్న పేరాలోనే ఉంది. నేనే విప్పుదామంటే, నూలుతో పాటు కుట్టూ చిగురూ ఊడి వస్తాయేమోనని భయం.

"బాపూ, బస్సు!" అని అరిచాను.

బాపు రంగు కుండలోంచి చేతులు తీసి అట్లాగే పరుగెత్తాడు. మోచేతుల దాకా ఎర్రని రంగు కారుతున్న మనిషి రోడ్డు మధ్యలో నిలబడి చేతులెత్తితే ఏ డ్రైవరు ఆపడు? బస్సులో జనం జరిగి జరిగి మాకు చాలా జాగా ఇచ్చారు. అమ్మ దారి పొడుగునా, "గట్టిగ కట్టుడు తప్పెట్లయితది? ఎవలన్న చెప్పున్రి" అని అడుగుతూ వచ్చింది.

డాక్టరు చూసి, "ఇది ఎవరు కట్టిండ్రు?" అన్నాడు. ఆయన నవ్వుముఖం మొదటిసారి మాయమైంది.

"నేనే సారూ. మీది జర వదులైంది" అన్నది అమ్మ.

ఆయన సన్నని కత్తెర మొనతో ఆ నూలును తుంచాడు. ముగ్గురం వంగి చూస్తున్నాం. తెల్లగానే ఉంది. ఇంకా తెల్లగానే ఉంది. బాపు రంగు చేతులతోనే దండం పెట్టుకున్నాడు. అప్పుడు అడుగు నుంచి, తడి అద్దకం మీద రంగు పాకినట్టు, గులాబీ రంగు మెల్లగా పైకెక్కింది. పై అంచులో ఒక మూల మాత్రం ఎక్కలేదు.

డాక్టరు ఊపిరి వదిలి అప్పుడు కోప్పడ్డాడు. "పెద్దమ్మా, ఇంకో పూట ఉంటే మొత్తం పోయేది. ముడి నాకు రాక వదులుగ కట్టలేదు. లోపలికి రక్తం పోవాలె. రక్తం పోతెనే చిగురు బతుకుతది, అంటుకుంటది. నువ్వు దారి బందు జేసినవ్. అందుకే తెల్లబడ్డది."

అమ్మ చాలాసేపు చేతి అద్దంలో చూసుకుంది. తర్వాత నుదురు కొట్టుకుంది.

"అయ్యో నా తెలివి! నేను రంగు ఎక్కకుండ కట్టిన. కట్టిన కాడ తెల్లగుండుడే నాకు ఎరుక. గీడ ఎర్రగ ఉండాల్నా?"

ఆ మాట డాక్టరుకు అర్థం కాలేదు. చిటికి అంటే ఏమిటో నేను చెప్పాను. విని విని ఆయన నవ్వు మళ్లీ ముఖం మీదికి వచ్చింది. ఉబ్బిన వేలు గుర్తొచ్చిందేమో, ఆ వేలు చూసుకుని ఇంకా నవ్వాడు. కొత్త ముద్ద అద్ది, "దీన్ని ముట్టుకుంటే నేను మీ ఊరికొచ్చి మీ కట్లన్నీ విప్పుత" అని బెదిరించి పంపాడు.

అతుకు నిలిచింది. ఆ పై మూల చనిపోయి, గోరు కొనంత వేరు మళ్లీ కనబడింది. తక్కినదంతా అంటుకుంది. నీళ్లు తగిలితే ఎగిరిపడటం పోయింది. కానీ అమ్మ ముఖంలో సంతోషం లేదు. పన్ను దక్కింది, పంటి పని పోయింది. చట్రం ముందు కూర్చునేది, చేతులు ఒళ్లో పెట్టుకుని అత్త కట్టే కట్లు చూస్తూ ఉండేది. అత్త కూడా ఆ రోజుల్లో వేళాకోళం మానేసింది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

ఒకరోజు పొద్దున్నే సుత్తి చప్పుడు వినిపించింది. బాపు చట్రం గుంజకు, అమ్మ కూర్చుంటే సరిగ్గా ఆమె గడ్డం ఎత్తులో, ఒక మేకు కొడుతున్నాడు. కొట్టి, దాని తల కొంచెం వంచి, ఆకురాయితో నున్నగా రుద్దాడు.

"గిది నీ కొత్త పన్ను. దీనికి చిగురు లేదు, దిగేది లేదు. దీనికి సుట్టి గుంజు" అన్నాడు.

అమ్మ ఎగాదిగా చూసింది. "దారం ఎంత గుంజితె తెగుతదో నా పంటికి ఎరుకైతది. మేకుకేం ఎరుకైతది?"

"నీ చేతికి ఎరుక జెయ్యి."

"ఈ వయసుల నాకు ఓనమాలు నేర్పుతున్నడు సూడు" అని నాతో అన్నది కానీ, దారం చేతిలోకి తీసుకుంది. మొదటి కట్టు తెగింది. రెండోది తెగింది. ఆ మొదటి చట్రం నూలుతో రుమాళ్లు నేస్తే పువ్వులన్నీ అంచులు చెదిరి, ఏడ్చిన పిల్లల ముఖాల్లా ఉన్నాయి. వాటిని అమ్మకానికి పెట్టలేదు, అత్త వంటింట్లో మసిగుడ్డలయ్యాయి. కానీ వానలు వచ్చేనాటికి అమ్మ చేతికి ఎరుకైంది. ఆ చప్పుడు మాత్రం మారింది. కిర్రు పోయి టంగు వచ్చింది. ఒక మధ్యాహ్నం బాపు రంగు నుంచి తీసిన పోగుల కట్లు అమ్మే విప్పింది. కట్టిన చోటల్లా తెల్లగా, అంచు చెదరకుండా.

"వదినె, నీ గుంజకు పన్ను మొలిచింది పో!" అన్నది అత్త. నవ్వులు మళ్లీ మొదలయ్యాయి.

ఇక కృతజ్ఞతలు. పై అరకు నిచ్చెన వేసిన గ్రంథాలయం సారుకు, నిఘంటువును ఇంటికి పట్టుకుపోనిచ్చినందుకు కూడా. అయిదో తరగతివాడికి బొమ్మ గీసి చెప్పిన పట్నం డాక్టరుకు. ఎర్ర చేతులు చూసి బస్సు ఆపిన డ్రైవరుకు. అమ్మ వాటా కూడా కట్టి, సమయం వచ్చాక మళ్లీ నోరు తెరిచిన మా అత్తకు. మేకు కొట్టిన బాపుకు. ఇది చదివించుకుని విని, "రొట్టె కొరికిన ముచ్చట ఎందుకు రాసినవ్" అని గొణిగి, చివరికి ఉండనిచ్చిన అమ్మకు. ఇప్పుడు మా వాడకట్టులో చట్రం చేయించుకునే ఆడవాళ్లు చెక్కపని చేసే వడ్లాయనతో, "ఆమె లెక్కనే పన్ను గూడ కొట్టు" అంటున్నారు. ఆయనా అడగకుండానే కొడుతున్నాడు. కాబట్టి ఆయనకు కూడా.